ఖాళీలను పూరించండి

(స్వీయానుభవ వ్యాసం)

ఈ పాఠం చదివిన తర్వాత మీరు

• ఒక వాక్యంలో మారని భాగాన్ని, మారే భాగాన్ని వేరుచేసి గుర్తించగలుగుతారు.
• కంప్యూటర్‌లోని సమాచార పట్టికలకు ప్రశ్న వేసేటప్పుడు విలువలను విడిగా ఎందుకు అందించాలో వివరించగలుగుతారు.
• ఏ దరఖాస్తునైనా, పత్రాన్నైనా నింపేముందు, సంతకం చేసేముందు చూసుకోవలసిన విషయాలు చెప్పగలుగుతారు.

1. పరిచయం

అభ్యాసకులారా! ప్రతి పాఠం చివరా మీరు ఒక అభ్యాసం చేస్తూ వస్తున్నారు. దాని పేరు "ఖాళీలను పూరించండి". వాక్యం మేము రాసి ఉంచుతాం. నడుమ ఒక గీత గీసి వదిలేస్తాం. ఆ గీత మీద సరైన మాట మీరు రాస్తారు. ఈ పని మీకు ఎంత అలవాటై ఉంటుందంటే, దీనిలో నేర్చుకోవలసింది ఏముంటుంది అనిపించవచ్చు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ రెండు చేతులు పనిచేశాయి. ఒక చెయ్యి వాక్యం రాసింది. రెండో చెయ్యి ఖాళీ నింపింది. రెండో చెయ్యి ఏం రాసినా వాక్యం మారదు. తప్పు రాస్తే జవాబు తప్పవుతుంది, అంతే. వాక్యాన్ని తిరగరాసే వీలు ఆ చేతికి లేదు.

ఈ చిన్న ఏర్పాటు మీద రైళ్లు నడుస్తాయి. అప్పు పత్రాలు నిలబడతాయి. ఈ రోజుల్లో బ్యాంకులోని కంప్యూటర్, ఆసుపత్రిలోని కంప్యూటర్ మీ పేరును భద్రంగా ఉంచగలిగేది కూడా చాలావరకు దీని వల్లనే. నాకు తెలిసిన మూడు సందర్భాల ద్వారా ఈ విషయం మీకు చెబుతాను.

2. మా ఊరి కాగితం

నేను పెరిగింది బిలాస్‌పూర్‌లో. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. 2000 సంవత్సరం నవంబరులో కొత్త రాష్ట్రం ఏర్పడేవరకు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల పెరిగిన ఊరు అది. హౌరా, నాగపూర్, కట్నీ వైపు వెళ్లే దారులు అక్కడ కలుస్తాయి. 1955 నుంచి ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉండి, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రమైంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఇంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారని మీరు అడగవచ్చు. అప్పట్లో వాల్తేరు డివిజను కూడా ఆ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి రైల్వేలో చేరినవారు బదిలీల మీద ఖరగ్‌పూర్‌కూ, చక్రధర్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ వెళ్లారు. కొందరు తిరిగి వచ్చారు. కొందరు అక్కడే ఉండిపోయారు. మా నాన్నగారు ఉండిపోయినవారిలో ఒకరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, నాన్నగారి డ్యూటీ కాగితాల మీద ఇంగ్లీషు. మా చదువు అలా సాగింది.

నాన్నగారు గూడ్సు గార్డు. (ఈ ఉద్యోగం పేరును 2022లో ట్రైన్ మేనేజరు అని మార్చారు.) ఆయన డ్యూటీ దిగి వచ్చేటప్పుడు పెట్టెలో ఉండే కాగితాల్లో ఒకటి నాకు బాగా గుర్తు. దాన్ని కాషన్ ఆర్డరు అంటారు. ఆ ఫారానికి రైల్వేలో టి/409 అని సంఖ్య. దారిలో ఎక్కడైనా పట్టాల పని జరుగుతున్నా, వంతెన బలహీనంగా ఉన్నా అక్కడ బండి నెమ్మదిగా వెళ్లాలి. ఆ సంగతి డ్రైవరుకు, గార్డుకు నోటితో చెబితే చాలదు. కాగితం మీద రాసి ఇచ్చి, వారి సంతకం తీసుకోవాలి.

ఆ కాగితంలో మాటలన్నీ ముందే అచ్చయి ఉంటాయి. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను మధ్య, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు, గంటకు ఎంత వేగం మించకూడదు, కారణం ఏమిటి. స్టేషను మాస్టరు చేసేదల్లా ఖాళీల్లో రాయడమే. ఉదాహరణకు, గతౌరా – జైరాంనగర్ మధ్య, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా, 20 కిలోమీటర్ల వేగం, పట్టాల మరమ్మతు. రేపు మరో చోట పని జరిగితే ఫారం అదే ఉంటుంది. ఖాళీల్లో అంకెలు మారతాయి.

ఒకసారి నేను అడిగాను, స్టేషను మాస్టరుగారు తెల్ల కాగితం మీద తన మాటల్లో ఉత్తరంలా రాసి ఇవ్వొచ్చు కదా అని. నాన్నగారు ఇలా చెప్పారు.

"చూడు నాన్నా, రాత్రి రెండు గంటలకి, వానలో, ఇంజను దగ్గర లాంతరు వెలుగులో ఆ కాగితం చదవాలి. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే ఏది స్టేషను పేరో, ఏది కారణమో వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇక్కడైతే వేగం ఎక్కడ రాసుంటాదో నాకు ముందే తెలుసు. ఆ గడిలో ఏముంటే అది వేగమే. ఇంకోటి కాదు."

ఆఖరి మాటను గమనించండి. ఆ గడిలో ఏముంటే అది వేగమే. అంటే గడిలోకి వచ్చిన రాతకు అర్థం గడిని బట్టి వస్తుంది, రాతను బట్టి కాదు. ఈ మాట మనకు మళ్లీ అవసరమవుతుంది.

మరో సంగతి కూడా ఉంది. దారిలో ఎక్కడా నెమ్మదించవలసిన అవసరం లేనప్పుడు కాగితం ఇవ్వడం మానేయరు. దానికి వేరే ఫారం ఉంది. దాన్ని నిల్ కాషన్ ఆర్డరు అంటారు. "చెప్పవలసింది ఏమీ లేదు" అని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. కాగితం రాకపోతే, జాగ్రత్త అవసరం లేదా, లేక ఇవ్వడం మరిచిపోయారా అన్నది డ్రైవరుకు తెలియదు. నిల్ అని రాసి ఇస్తే అనుమానం ఉండదు.

ఆలోచించండి
(అ) కాషన్ ఆర్డరులో మారని భాగం ఏది? మారే భాగాలు ఏవి?
(ఆ) "ఏమీ లేదు" అని రాయడానికి, ఖాళీగా వదలడానికి తేడా ఏమిటి?

3. కంప్యూటర్‌కు చెప్పే వాక్యం

ఎం.ఇడి. పూర్తిచేసి పాఠ్యపుస్తకాల పనిలోకి వచ్చిన కొన్నేళ్లకు, కంప్యూటర్ పాఠాలు తయారుచేసే బృందంతో కలిసి కూర్చోవలసి వచ్చింది. అక్కడ సమాచార పట్టికల గురించి చదువుతున్నప్పుడు నాకు నాన్నగారి కాగితం మళ్లీ ఎదురైంది. అది ఎలాగో చూద్దాం.

రైల్వే ప్రయాణికుల వివరాలు గాని, మీ పరీక్ష మార్కులు గాని కంప్యూటర్‌లో పట్టికలుగా ఉంటాయని అనుకోండి. అడ్డంగా వరుసలు, నిలువుగా గడులు. ఇటువంటి పట్టికల సముదాయాన్ని డేటాబేస్ అంటారు. సమాచారాన్ని పట్టికలుగా చూడాలన్న ఆలోచనను 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఇ.ఎఫ్. కాడ్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ పట్టికలను ప్రశ్నించడానికి అదే సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఒక భాషను ప్రకటించారు. దాన్నే ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నాం.

ఆ భాషలో వేసే ప్రశ్నను తెలుగులోకి మార్చి రాస్తే ఇలా ఉంటుంది.

ప్రయాణికుల పట్టికలో పేరు = 'రామారావు' అయిన వరుసలను చూపు.

పేరుకు రెండు పక్కలా ఉన్న చిన్న గీతలను చూడండి. పేరు ఇక్కడ మొదలైంది, ఇక్కడ ముగిసింది అని యంత్రానికి చెప్పే గుర్తులు అవి. మిగిలిన మాటలు ఆజ్ఞ. గీతల నడుమ ఉన్నది విలువ.

ఇప్పుడు కౌంటరు దగ్గర ఒక గుమాస్తా కూర్చున్నారు. రోజూ వందలమంది వస్తారు. ఒక్కో పేరు టైపు చేస్తారు. ఆ పేరును వాక్యంలో చేర్చే పని ప్రోగ్రాము చేయాలి. దానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది అతికించే పద్ధతి. వాక్యం మొదటి ముక్క, టైపు చేసిన పేరు, వాక్యం చివరి ముక్క. మూడింటినీ వరసగా అతికించి ఒకే వాక్యంగా యంత్రానికి ఇవ్వడం. తెల్ల కాగితం మీద ఉత్తరం రాసినట్టు అన్నమాట. యంత్రం ఆ వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చదువుకుంటూ పోతుంది. అందులో ఏ ముక్క ప్రోగ్రాము రాసినవారిదో, ఏ ముక్క కౌంటరు ముందు నిలబడినవారిదో దానికి తెలియదు.

రెండోది ఫారం పద్ధతి. ముందుగా ఖాళీతో సహా వాక్యాన్ని యంత్రానికి ఇస్తారు.

ప్రయాణికుల పట్టికలో పేరు = ? అయిన వరుసలను చూపు.

ఆ ప్రశ్నార్థకమే ఖాళీ. యంత్రం ఈ వాక్యాన్ని చదివి, అర్థం చేసుకుని, పని ఎలా చేయాలో కూడా నిర్ణయించుకుని సిద్ధంగా ఉంటుంది. ఇలా సిద్ధం చేసి ఉంచిన వాక్యాన్ని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. పేరు తర్వాత వస్తుంది. "మొదటి ఖాళీకి ఈ విలువ" అని ప్రోగ్రాము విడిగా అందిస్తుంది. ఇలా ఖాళీకి విలువను జతచేయడాన్ని బైండింగ్ అంటారు. మన మాటల్లో, ఖాళీని పూరించడం.

ఈ పనికి దాదాపు అన్ని ప్రోగ్రామింగ్ భాషల్లోనూ ఏర్పాట్లున్నాయి. జావా భాషలో 1997లో వచ్చిన జేడీబీసీ అనే ఏర్పాటులో, ఖాళీలో అక్షరాలు పెట్టడానికి ఒక పిలుపు, పూర్ణసంఖ్య పెట్టడానికి మరో పిలుపు, తేదీ పెట్టడానికి ఇంకొకటి ఉన్నాయి. ఖాళీలను 1, 2, 3 అని ఎడమ నుంచి లెక్కిస్తారు. మీ చేతిలోని ఫోనులో వివరాలను దాచే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోనూ ఖాళీల లెక్క 1 నుంచే మొదలవుతుంది.

విలువ వచ్చే సమయానికి వాక్యం చదవడం అయిపోయింది. కాబట్టి వచ్చిన విలువలో ఏమున్నా యంత్రం దాన్ని ఆజ్ఞగా చదవదు. ఆ గడిలో ఏముంటే అది పేరే. ఇంకోటి కాదు.

4. పేరు ఆజ్ఞగా మారితే

అతికించే పద్ధతిలో వచ్చే చిక్కు ఏమిటో ఇప్పుడు చూద్దాం.

మా రైల్వే కాలనీలో తెలుగువారు, బెంగాలీలు, ఒడియావారు, మరాఠీలతో పాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా ఉండేవి. వారి ఇంటిపేర్లలో కొన్నిటికి నడుమ ఒక చిన్న గీత ఉంటుంది. డి'క్రూజ్, ఓ'బ్రయన్ వంటివి. ఇప్పుడు అతికించే పద్ధతిలో ఈ పేరు టైపు చేస్తే వాక్యం ఇలా తయారవుతుంది.

పేరు = 'డి'క్రూజ్' అయిన వరుసలను చూపు.

యంత్రం మొదటి గీత దగ్గర పేరు మొదలైందనుకుంటుంది. రెండో గీత దగ్గర ముగిసిందనుకుంటుంది. అంటే పేరు "డి". తర్వాత వచ్చిన "క్రూజ్" అనే ఆజ్ఞ దానికి తెలియదు. "వాక్యం తప్పు" అని ఆగిపోతుంది. తప్పు పేరుది కాదు, అతికించినవారిది. కానీ కౌంటరు ముందు నిలబడినవారికి వచ్చే జవాబు మాత్రం "మీ పేరు తీసుకోవడం లేదండీ" అని.

నాతో బడిలో చదివిన ఒక స్నేహితుడికి ఇలాగే జరిగింది. ఒక ప్రవేశ పరీక్షకు పేరు నమోదు చేయించుకోవడానికి వెళితే, అక్కడి ఉద్యోగి ఆ గీత తీసేసి పేరు కలిపి రాయమన్నాడు. అలాగే రాశాడు. తర్వాత బడి ఇచ్చిన సర్టిఫికెట్టులో ఒక పేరు, పరీక్ష కాగితంలో మరో పేరు. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయించుకుని, ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరిగాడు. తాతల నాటి నుంచి వస్తున్న ఇంటిపేరును, ఎవరో రాసిన ప్రోగ్రాము కోసం మార్చుకోవలసి వచ్చింది.

మన తెలుగు పేర్లకు ఆ గీత లేదు కాబట్టి మనకేం అనుకోకండి. ఇదే సందు నుంచి దొంగలు కూడా దూరుతారు. పేరు రాయవలసిన చోట ఒకడు ఇలా టైపు చేశాడనుకోండి.

ఎవరైనా' లేదా '1' = '1

అతికించినప్పుడు వాక్యం ఇలా అవుతుంది.

పేరు = 'ఎవరైనా' లేదా '1' = '1' అయిన వరుసలను చూపు.

ఒకటి ఒకటికి సమానం అన్నది ప్రతి వరుస విషయంలోనూ నిజమే కదా! కాబట్టి యంత్రం పట్టికలో ఉన్న అందరి వివరాలనూ చూపిస్తుంది. ఖాళీ నింపడానికి వచ్చిన చెయ్యి వాక్యాన్నే తిరగరాసింది. ఈ రకమైన దొంగతనాన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. సూదితో మందు ఎక్కించినట్టు, విలువ రూపంలో ఆజ్ఞను లోపలికి ఎక్కించడం. 1998 డిసెంబరులో జెఫ్ ఫారిస్టల్ అనే ఆయన మారుపేరుతో ఫ్రాక్ అనే పత్రికలో దీన్ని వివరించారు.

అయినా ఈ సందు మూతపడలేదు. 2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలిఫోను కంపెనీలోకి ఇదే దారిన చొరబడి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు చూశారు. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలు కూడా బయటికి పోయాయి. మరుసటి ఏడు అక్కడి అధికార సంస్థ ఆ కంపెనీకి 4,00,000 పౌండ్ల జరిమానా వేసింది.

దీనికి మందు ఏమిటి? చాలామందికి మొదట తట్టేది వడపోత. ఆ గీత ఉన్న పేర్లను రానివ్వకూడదు, అనుమానపు మాటలను తీసేయాలి అంటారు. దీనివల్ల నిజాయితీపరుడైన డి'క్రూజ్‌గారు బయట నిలబడతారు. తెలివైన దొంగ మరో దారి వెతుక్కుంటాడు. ఫారం పద్ధతిలో వడపోత అవసరమే రాదు. డి'క్రూజ్ తన గీతతో సహా పేరుగానే చేరతారు. దొంగ రాసిన పొడవాటి మాట కూడా ఒక వింత పేరుగానే చేరుతుంది. అటువంటి పేరు గలవారు పట్టికలో ఎవరూ లేరు కాబట్టి ఏ వరుసా కనబడదు. ఎవరినీ అనుమానించలేదు, ఎవరి పేరునూ కత్తిరించలేదు. పని భద్రంగా జరిగిపోయింది.

ఆలోచించండి
(ఇ) "తప్పు పేరుది కాదు" అని రచయిత ఎందుకు అన్నారు?
(ఈ) వడపోత పద్ధతిలో నష్టపోయేది ఎవరు?

5. తెల్ల కాగితం మీద వేలిముద్ర

కంప్యూటర్‌తో మాకేం పని అనుకునే అభ్యాసకులు కూడా మీలో ఉంటారు. వారి కోసం మూడో సంగతి.

మా వరసలోనే మూడిళ్ల అవతల ఒక పిన్ని ఉండేది. బాబాయి గ్యాంగ్‌మన్. డ్యూటీలో ఉండగానే జ్వరంతో పోయాడు. రైల్వే నుంచి రావలసిన డబ్బు వచ్చేలోపు ఇల్లు గడవడానికి ఆమె ఒక వడ్డీ వ్యాపారి దగ్గర మూడు వేలు తీసుకుంది. పిన్నికి అప్పుడు చదువు రాదు. వ్యాపారి తెల్ల కాగితం తీసి, అడుగున రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద వేలిముద్ర వేయమన్నాడు. "పైన నేను తర్వాత రాసుకుంటాలే" అన్నాడు. ఆమె వేసింది.

రైల్వే డబ్బు వచ్చిందని తెలిసిన వారం లోపల అతను కాగితం పట్టుకుని వచ్చాడు. దాని మీద ఎనిమిది వేలు అని ఉంది. వేలిముద్ర ఆమెదే. కాదనడానికి లేదు. కాలనీ పెద్దలు కూర్చుని బతిమాలి ఆరు వేలకు ఒప్పించారు. ఇద్దరు పిల్లల చదువుకని దాచుకున్న డబ్బులోంచి ఆ ఆరు వేలూ వెళ్లిపోయాయి. పెద్దవాడు ఆ ఏడే బడి మానేశాడు.

ఇక్కడ జరిగింది ఏమిటో గమనించండి. కాషన్ ఆర్డరులో వాక్యం ముందు ఖాయమైంది, విలువ తర్వాత వచ్చింది, ఆపైన సంతకం పడింది. పిన్ని కాగితంలో వరస తిరగబడింది. సంతకం ముందు, వాక్యం తర్వాత. వాక్యం రాసే అధికారం మొత్తం ఎదుటివాడి చేతిలో పెట్టినట్టయింది.

మన పెద్దవాళ్లకు ఈ ప్రమాదం తెలుసు. అందుకే ప్రామిసరీ నోటు రాసేటప్పుడు అంకెల్లో 3,000 అని రాసి ఊరుకోరు. "అక్షరాలా మూడు వేల రూపాయలు మాత్రమే" అని రాస్తారు. అంకె పక్కన మరో అంకె చేర్చవచ్చు. "మాత్రమే" తర్వాత చేర్చడానికి చోటు లేదు. విలువ ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు అది. కంప్యూటర్ వాక్యంలో పేరుకు చివర పెట్టిన చిన్న గీత లాంటిదే. అయితే తేడా ఒకటుంది. గుర్తులు ఎంత జాగ్రత్తగా పెట్టినా, రాసేవాడు వేరొకడైతే వాటిని దాటవచ్చు. వాక్యం ముందే ఖాయమై ఉండటమే అసలైన కట్టుబాటు.

పిన్ని తర్వాత మా కాలనీలో జరిగిన సాక్షరతా తరగతికి వెళ్లింది. సంతకం నేర్చుకుంది. పెన్షను కాగితాలు నింపేటప్పుడు ఆమెకు ఒక అలవాటు ఉండేది. తనకు వర్తించని ప్రతి ఖాళీలోనూ ఒక అడ్డగీత కొట్టేది. గుమాస్తా నవ్వినా మానేది కాదు. "ఖాళీ ఉంచితే ఎవడో ఒకడు నింపుతాడు బాబూ" అనేది.

6. ఖాళీ పూరించడంలో మెలకువలు

కంప్యూటర్ నేర్చుకోవాలనుకునే అభ్యాసకులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. మిగిలినవారు కూడా చదివితే నష్టం లేదు. ప్రతి మెలకువకూ కాగితం మీద సాటి ఉంది.

(1) ఏ రకం విలువ అన్నది చూడాలి. వేగం గడిలో ఊరి పేరు రాయరు. అంకెలన్నీ సంఖ్యలు కావు. 0 తో మొదలయ్యే క్రమసంఖ్యను సంఖ్యగా అందిస్తే ముందున్న సున్న పోతుంది. దాన్ని అక్షరాలుగా అందించాలి. కూడటానికి, తీసివేయడానికి పనికివచ్చేవాటినే సంఖ్యలుగా భావించండి.

(2) లేని విలువను లేదని చెప్పాలి. తెలియని పుట్టినతేదీ గడిలో సున్న పెట్టకూడదు. ఎస్‌క్యూఎల్‌లో దీనికి నల్ అనే గుర్తు ఉంది. నాన్నగారి నిల్ కాగితం గుర్తుందా? ఎస్‌క్యూలైట్‌లో మీరు పూరించకుండా వదిలిన ఖాళీని యంత్రమే నల్ అనుకుంటుంది. మీరు మరిచిపోయారా, కావాలని వదిలారా అన్నది దానికి తెలియదు. కాబట్టి మీరే చెప్పాలి.

(3) పాత విలువ మిగిలిపోతుంది. సిద్ధం చేసిన వాక్యాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. వాక్యాన్ని ప్రతిసారీ కొత్తగా చదవనక్కరలేదు కాబట్టి సమయం కూడా కలిసివస్తుంది. కానీ ఎస్‌క్యూలైట్‌లోనూ, జేడీబీసీలోనూ ఒకసారి పెట్టిన విలువ దానంతట అది చెరిగిపోదు. రెండో ఖాళీకి కొత్త విలువ ఇవ్వడం మరిస్తే నిన్నటి విలువతోనే పని జరిగిపోతుంది. రైలు మారినా నిన్నటి వేగమే కాగితంలో ఉన్నట్టు. చెరపడానికి వేరే పిలుపు ఉంది. లేదా ప్రతి ఖాళీనీ ప్రతిసారీ నింపండి.

(4) విలువ ఎప్పుడు తీసుకుంటారో తెలియాలి. పీహెచ్‌పీ భాషలోని పీడీఓ అనే ఏర్పాటులో రెండు పిలుపులున్నాయి. బైండ్‌వాల్యూ అంటే, ఇప్పుడున్న విలువను ఇప్పుడే రాసుకోవడం. బైండ్‌పారామ్ అంటే, ఫలానా డబ్బాలో పని మొదలయ్యే వేళకు ఏముంటే అది తీసుకోవడం. మొదటిది కాగితం మీద 20 అని రాయడం వంటిది. రెండోది "బండి కదిలే వేళకు బోర్డు మీద ఎంతుంటే అంత" అనడం వంటిది. రెండూ ఉపయోగపడేవే. ఏది వాడుతున్నామో మనకు తెలిసి ఉండాలి.

(5) విలువలకే ఖాళీ ఉంటుంది. పట్టిక పేరుకో, గడి పేరుకో ఖాళీ వదలడానికి వీల్లేదు. ఏ పట్టికలో వెతకాలో తెలియకుండా యంత్రం వాక్యాన్ని సిద్ధం చేసుకోలేదు. అవి వాక్యంలోని భాగాలు. ఎవరి పేరునైనా అడగవచ్చు గాని, ఏ ఫారం వాడాలన్నది కౌంటరు ముందున్నవారు నిర్ణయించరు.

(6) ఖాళీ నిజానిజాలు చూడదు. 20 అని రాయవలసిన చోట 200 అని రాస్తే, ఫారం దాన్ని నమ్మకంగా మోసుకుపోతుంది. విలువ ఆజ్ఞగా మారకుండా మాత్రమే ఈ పద్ధతి కాపాడుతుంది. విలువ సరైనదో కాదో చూసే బాధ్యత మనిషిదే. కాషన్ ఆర్డరు తీసుకున్న డ్రైవరు, గార్డు చదివిన తర్వాతే సంతకం పెట్టేది అందుకే.

7. మీతో ఒక మాట

మీలో చాలామంది మధ్యలో చదువు ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టినవారు. ప్రవేశ దరఖాస్తు నింపినప్పుడు మీ పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ రాసే ఉంటారు. ఆ గడుల్లో మీరు రాసిందే రేపు మార్కుల పట్టికలో వస్తుంది. అదే మీ ఉద్యోగ దరఖాస్తులో, బ్యాంకు పుస్తకంలో సరిపోవాలి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. ఉత్తరాదిలో చివర రాస్తారు. పొడి అక్షరం మీ ఇంటిపేరుదే అయినా, బిలాస్‌పూర్‌లో దాన్ని చూసి "ఇదేమిటి?" అని అడిగేవారిని చాలామందిని చూశాను. అడిగినవారికి ఓపికగా చెప్పండి. కానీ గడి చిన్నదనో, యంత్రం ఒప్పుకోవడం లేదనో మీ పేరును మార్చి రాయడానికి తొందరపడకండి. సర్టిఫికెట్టులో ఎలా ఉందో అలాగే నమోదు చేయమని అడగండి. ఫారం మీ పేరును మోయడానికి ఉంది.

మీలో కొందరు రేపు ప్రోగ్రాములు రాస్తారు. మీరు రాసే వాక్యాల్లోని ఖాళీల్లోకి ఎవరెవరి పేర్లో వస్తాయి. వాళ్లెవరో మీకు తెలియదు. వారిలో గీతలున్న పేర్లవారు ఉంటారు, పొడి అక్షరాలవారు ఉంటారు, ఒంటి పేరువారు ఉంటారు, దొంగలూ ఉంటారు. ముందు మీ వాక్యాన్ని పూర్తిచేయండి. తర్వాత వారి విలువను ఉన్నదున్నట్టుగా అందుకోండి.

మిగిలినవారికి చెప్పేది ఇంకా చిన్నది. వాక్యం చదవకుండా ఖాళీ నింపకండి. ఖాళీలు మిగిలి ఉండగా సంతకం చేయకండి. మీకు చెందని ఖాళీలో అడ్డగీత కొట్టండి.

8. మీరేం నేర్చుకున్నారు?

• ఏ పత్రంలోనైనా వాక్యం వేరు, విలువ వేరు. వాక్యం ముందు ఖాయం కావాలి. విలువ తర్వాత రావాలి.
• కంప్యూటర్‌లో సిద్ధం చేసిన వాక్యానికి విలువలను విడిగా జతచేస్తే, ఆ విలువలు ఆజ్ఞలుగా మారవు.
• ఎవరి పేరునూ కత్తిరించకుండానే భద్రత సాధ్యమవుతుంది.
• విలువ నిజమా కాదా అన్నది చూసుకోవలసింది మనిషే.

9. పాఠాంత ప్రశ్నలు

1. ఖాళీలను పూరించండి.
(అ) చెప్పవలసింది ఏమీ లేనప్పుడు రైల్వేలో ఇచ్చే కాగితాన్ని ________ కాషన్ ఆర్డరు అంటారు.
(ఆ) సిద్ధం చేసిన వాక్యంలోని ఖాళీకి విలువను జతచేయడాన్ని ________ అంటారు.
(ఇ) పిన్ని కాగితంలో ముందు పడింది ________, తర్వాత వచ్చింది ________.

2. అతికించే పద్ధతికి, ఫారం పద్ధతికి గల తేడాలను మీ మాటల్లో పది వాక్యాలకు మించకుండా రాయండి.

3. "అక్షరాలా", "మాత్రమే" అనే మాటలను డబ్బు పత్రాల్లో ఎందుకు వాడతారు?

4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక పత్రాన్ని తీసుకోండి. అది రేషను కార్డు కావచ్చు, బ్యాంకు చలానా కావచ్చు. అందులో ముందే అచ్చయిన మాటలు ఏవి, తర్వాత నింపినవి ఏవి? నింపకుండా వదిలేసిన ఖాళీ ఏదైనా ఉందా? ఉంటే దాన్ని ఎవరు నింపాలో కనుక్కుని, మీ అభ్యాస పుస్తకంలో రాయండి.